మైనస్ 127, 85... సెన్సర్ ఏం చెబుతోంది?

పాఠకుల ప్రశ్నలు: ఎలక్ట్రానిక్స్

ప్రశ్న: పాలిటెక్నిక్ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుకు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ కలిపాను. డేటా కాలు 35వ పిన్నుకు ఇచ్చాను. కంప్యూటర్‌లో బోర్డు పంపే అంకెలు చూపే సీరియల్ మానిటర్‌లో ఎంతసేపు చూసినా మైనస్ 127 తప్ప ఇంకోటి రావడం లేదు. సెన్సర్‌ను చదివే రెడీమేడ్ కోడు (లైబ్రరీ) మార్చాను, స్నేహితుల కోడ్లు కూడా పెట్టి చూశాను. సెన్సర్ పోయిందంటారా?
ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: పోయిందని ఇప్పుడే అనుకోవద్దు. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ఈఎస్‌పీ32లో 34, 35, 36, 39 పిన్నులు ఇన్‌పుట్‌కు మాత్రమే పనికొస్తాయి. ఈ సెన్సర్‌ను పలకరించాలంటే ముందు బోర్డు డేటా తీగను కనీసం 480 మైక్రోసెకన్లు సున్నాకు లాగి వదలాలి. అప్పుడు సెన్సర్ కూడా అదే తీగను కాసేపు కిందికి లాగి తాను ఉన్నానని చెబుతుంది. 35వ పిన్ను తీగను లాగలేదు కాబట్టి అసలు పిలుపే వెళ్లడం లేదు. పిలుపుకు బదులు రాకపోతే లైబ్రరీ చూపించే గుర్తు మైనస్ 127. ఈ సెన్సర్ కొలిచేది మైనస్ 55 నుంచి 125 డిగ్రీల వరకే, కనుక ఆ అంకె ఉష్ణోగ్రత కానే కాదు. డేటాను 4వ పిన్నుకు మార్చండి. కోడులోనూ పిన్ను నంబరు మార్చడం మరవకండి.

అప్పటికీ అదే వస్తే కోడు జోలికి పోకుండా వైరింగ్ చూడండి. సెన్సర్ చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమది గ్రౌండు, మధ్యది డేటా, కుడిది సప్లై. తిరగేసి పెడితే కొన్ని సెకన్లలోనే వేలు ఆనించలేనంత వేడెక్కుతుంది. వెంటనే పీకేస్తే చాలాసార్లు బతికి బయటపడుతుంది.

తర్వాత పుల్లప్ రెసిస్టర్, అంటే డేటా తీగను సప్లై వోల్టేజీ వైపు పైకి లాగి ఉంచేది. డేటాకు, 3.3 వోల్టుల సప్లైకి మధ్య 4.7 కె (కిలో ఓమ్స్) ఉండాలి. రంగులు పసుపు, ఊదా, ఎరుపు, బంగారు. ఎరుపు స్థానంలో నారింజ ఉంటే అది 47 కె, గోధుమ రంగు ఉంటే 470 ఓమ్స్. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. దీన్ని డేటాకు, గ్రౌండుకు మధ్య పెట్టేవాళ్లూ ఉన్నారు. అలా పెడితే తీగ పైకి లేవదు.

ఇప్పుడు మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, బోర్డు ఆన్‌లో ఉండగా నల్ల ప్రోబు గ్రౌండుకు, ఎర్ర ప్రోబు నేరుగా సెన్సర్ మధ్య కాలుకు ఆనించండి. 3.3కు దగ్గరగా కనిపించాలి. సున్నా ఉంటే డేటా గ్రౌండుకు తగులుతోంది, లేదా రెసిస్టర్ పక్క వరసలో గుచ్చుకుంది. అదే ప్రోబు కుడి కాలుకు పెట్టి సప్లై కూడా చూడండి. సోల్డర్ లేకుండా తీగలు గుచ్చే పొడవాటి బ్రెడ్‌బోర్డుల్లో కొన్నింటికి అంచునున్న ఎర్ర, నీలి గీతల వరస నడిమధ్యలో తెగి ఉంటుంది. ఒక సగంలో కరెంటు ఇచ్చి రెండో సగంలో సెన్సర్ గుచ్చితే సప్లై అందదు.

ప్రశ్న: ఇంట్లో వందగుడ్ల ఇంక్యుబేటర్ చేసుకున్నాను. ఆర్డుయినో బోర్డు, డీఎస్18బీ20, రిలే (బల్బులను వెలిగించి ఆర్పే స్విచ్), బల్బులు వాడాను. 37.5 దగ్గర బాగానే నిలబడేది. ఒకరాత్రి పెట్టె లోపల విపరీతంగా వేడెక్కి గుడ్లన్నీ పాడయ్యాయి. రాసుకున్న లాగ్‌లో ఆ గంటంతా మైనస్ 127 ఉంది. మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి?
ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: మీ నష్టం చదివి బాధ కలిగింది. ఈ ఒక్క తప్పు సరిచేయకుండా మళ్లీ గుడ్లు పెట్టకండి. '37.5 కన్నా తక్కువుంటే బల్బు వెలిగించు' అని మీ కోడు. మైనస్ 127 కూడా 37.5 కన్నా తక్కువే. సెన్సర్ తీగ ఊడిన క్షణం నుంచి కోడు పెట్టె గడ్డకట్టిపోయిందనుకుని బల్బులు ఆర్పకుండా వెలిగించింది.

రీడింగు 10కి, 50కి మధ్య ఉంటేనే నమ్మేలా కోడు మార్చండి. ఆ హద్దులు దాటితే సెకను ఆగి మళ్లీ అడగాలి. వరసగా మూడుసార్లు తప్పు వస్తే హీటర్ ఆపేసి బజర్ మోగించాలి. 'చివరి మంచి రీడింగుతో నడిపించు' అని మాత్రం రాయకండి. చివరిది 37.4 అయితే బల్బు వెలుగుతూనే ఉంటుంది. కోడు ఎంత బాగున్నా రిలే కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. అందుకే 39 డిగ్రీల దగ్గర తనంతట తాను తెగే విడి థర్మోస్టాట్‌ను బల్బుల లైనులో సిరీస్‌లో వేయించండి.

తీగ ఎందుకు ఊడిందో కూడా వెతకాలి. గుడ్లు తిప్పే ట్రే కదిలినప్పుడల్లా జంపర్ వైరు లాగబడుతుంది. బ్రెడ్‌బోర్డు తీసేసి సోల్డర్ చేయండి, తీగను పెట్టె గోడకు క్లిప్పుతో బిగించండి.

రీడింగు సరైనదో కాదో చూసుకోవడానికి మంచి కొలమానం మీ ఇంట్లోనే ఉంది. ఫ్లాస్కులో 38 డిగ్రీల ప్రాంతపు గోరువెచ్చని నీళ్లు పోసి, వాటర్‌ప్రూఫ్ ప్రోబునూ జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ కొననూ పక్కపక్కన ముంచండి. కలుపుతూ ఉండి, థర్మామీటర్ బీప్ కొట్టగానే రెండూ రాసుకోండి. థర్మామీటర్ ఫారన్‌హీట్‌లో ఉంటే 32 తీసేసి 1.8తో భాగించండి. అర డిగ్రీ తేడా ఈ సెన్సర్‌కు అనుమతించిన పరిమితిలోదే, ఆ మేరకు కోడులో కూడితే లేదా తీసేస్తే చాలు. అంతకు మించితే చిప్ నకిలీది కావచ్చు. సెన్సర్ లోపల ఉండే గుర్తింపు నంబరును హెక్స్‌లో (16 అంకెల పద్ధతిలో) ప్రింట్ చేయించి చూడండి: అసలు చిప్‌లలో మొదటి బైటు 28, ఆరవది, ఏడవది సాధారణంగా 00 ఉంటాయి.

ప్రశ్న: రొయ్యల చెరువులో నాలుగు వాటర్‌ప్రూఫ్ డీఎస్18బీ20 ప్రోబులు వేశాం. షెడ్డు నుంచి 40 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్. రీడింగులు మధ్యమధ్యలో మాయమవుతాయి. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒక ప్రోబు 85 డిగ్రీలు చూపిస్తుంది.
ఒక ఆక్వా రైతు, భీమవరం

జవాబు: మీకు రెండు జబ్బులు ఉన్నాయి. విడివిడిగా చూడాలి.

85 అంటే సెన్సర్ బతికే ఉంది, మాట్లాడుతోంది, కానీ ఇంకా కొలవలేదు. సప్లై అందగానే దాని మెమరీలో ఉండే మొదటి అంకె అదే. ఏరేటర్ మోటారును ఆన్ చేసే స్విచ్ (కాంటాక్టర్) పడినప్పుడు సప్లై ఒక్క క్షణం కుంగి సెన్సర్ రీసెట్ అవుతోంది. ప్రతి ప్రోబు జాయింటు దగ్గర సప్లైకి, గ్రౌండుకు మధ్య 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వేయండి. కాంటాక్టర్ కాయిల్‌కు దాని వోల్టేజీకి తగిన స్నబ్బర్‌ను (వోల్టేజీ దూకుళ్లను అణచే భాగాన్ని) ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. సెన్సర్ కేబుల్‌ను మోటారు కేబుల్ పక్కన పాకించవద్దు. ప్రోబు ఎర్ర తీగ లోపల తెగినా తరచు 85 వస్తుంది, అదీ చూడండి. 12 బిట్ల రిజల్యూషన్‌లో కొలవడానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. సప్లై వచ్చాక మొదటిసారి కోడు అంతకన్నా ముందే చదివినా ఇదే అంకె.

రెండో జబ్బు కేబుల్ పొడవు. ఈ కేబుల్ జంట తీగల మధ్య మీటరుకు సుమారు 50 పికోఫారడ్లు ఉంటాయి, 40 మీటర్లకు దాదాపు 2 నానోఫారడ్లు. 4.7 కె రెసిస్టర్‌తో లెక్కేస్తే టైమ్ కాన్‌స్టెంట్, అంటే తీగ వోల్టేజీ పైకి లేవడానికి పట్టే సమయపు కొలత, 9.4 మైక్రోసెకన్లు. బోర్డు ప్రతి బిట్‌ను 15 మైక్రోసెకన్ల లోపు చదివేయాలి. తీగ పైకి లేవకముందే చదివితే 1 కాస్తా 0 అవుతుంది. రెసిస్టర్‌ను 2.2 కెకు మార్చితే ఈ సమయం సగానికన్నా తగ్గుతుంది. 1.5 కె కంటే దిగవద్దు.

డేటా, గ్రౌండు తీగలను ఒకే జంటలో తీసుకోండి. మిగిలిన తీగలను రెండు చివరలా ఖాళీగా వదిలేయండి. షెడ్డు నుంచి నాలుగు కేబుళ్లు నాలుగు దిక్కులకు లాగి ఉంటే, వాటిని తీసి ఒకే కేబుల్‌ను గట్టు వెంట నడిపి దాని నుంచి పొట్టి తీగలతో ప్రోబులు దించండి. జాయింట్లు నీటిమట్టానికి పైనే ఉండాలి. ఉప్పునీరు జాయింటులో చేరితే తీగ లోపల పచ్చగా చిలుము పడుతుంది. అక్కడిదాకా కోసి తాజా రాగి కనపడే చోట మళ్లీ సోల్డర్ చేయాలి.

ప్రశ్న: ఒకే గదిలో ఈఎస్‌పీ32 బోర్డుకు కలిపిన డీహెచ్‌టీ11 (ఉష్ణోగ్రత, తేమ కొలిచే) సెన్సర్ 29, పక్కనే డీఎస్18బీ20 31 చూపిస్తున్నాయి. ఏది నిజం?
ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: డీహెచ్‌టీ11కు అటూ ఇటూ 2 డిగ్రీల తేడా మామూలే. ముందు రెండింటినీ ఈఎస్‌పీ బోర్డుకు పది సెంటీమీటర్లు దూరంగా జరపండి. వైఫై నడుస్తుంటే బోర్డు వేడెక్కి పక్కనున్న సెన్సర్‌కు సోకుతుంది. జరిపి పది నిమిషాలు ఆగాక కూడా తేడా నిలిస్తే డీఎస్18బీ20 అంకెనే తీసుకోండి.