అర్షెల్ ఆట మానేయడం చూశారు సరే, అతని ఖర్చు చూశారా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మేరీల్యాండ్‌లో ఉంటాం, గ్రీన్‌కార్డు ఉంది. ఇద్దరు పిల్లలు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్‌లో ఆఫెన్సివ్ లైన్‌మన్‌గా ఆడిన జాన్ అర్షెల్ 26 ఏళ్లకే ఆట వదిలేసి ఎంఐటీలో లెక్కల్లో పీహెచ్‌డీ చేశాడు. నేనూ ఉద్యోగం మానేసి స్టాటిస్టిక్స్‌లో చేద్దామనుకుంటున్నాను. ఇంటి ఖర్చు నెలకు 7,500 డాలర్లు. స్టైపెండ్ 3,000, నా భార్య జీతం 2,600 వస్తాయి. మిగతాది హెలాక్‌లో (ఇంటిని తాకట్టు పెట్టి, కావలసినప్పుడల్లా తీసుకునే అప్పు) తీసుకుంటాను, 90 వేల లిమిట్ ఉంది. బ్యాంకులో 11 వేలు, ఇంకా వెస్ట్ కాని (గడువుదాకా ఉద్యోగంలో ఉంటేనే నా సొంతమయ్యే) కంపెనీ షేర్లు 60 వేలు ఉన్నాయి. 401కే (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి తీసుకున్న లోన్ 28 వేలు బాకీ. ఈ ప్లాన్ సరేనా?

జవాబు: సరి కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

అర్షెల్ తెగింపు అందరికీ గుర్తుంటుంది, అతని కారు మాత్రం ఎవరికీ గుర్తుండదు. 2014లో, జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఐదో రౌండులో ఎంపికై, నాలుగేళ్లకు దాదాపు 24 లక్షల డాలర్ల కాంట్రాక్టు చేసుకున్న మనిషి సెకండ్ హ్యాండ్ నిస్సాన్ వెర్సాలో తిరిగాడు. ఏడాదికి 25 వేల డాలర్లలోపే సరిపెట్టుకున్నాడు. మీ ఇంటికి ఆ డబ్బు మూడున్నర నెలలు కూడా రాదు. పిల్లలున్న ఇంటిని అలా నడపమని నేను అనను. కానీ 2017లో కాంట్రాక్టు ఇంకో ఏడాది ఉండగానే అతను లేచి వెళ్లగలిగాడంటే, ఆ ఏడాది జీతం లేకపోయినా ఇల్లు గడుస్తుంది గనకే. పైగా ఎంఐటీలో చేరింది 2016లో, ఇంకా ఆడుతుండగానే.

ఇక మీ షేర్లు. వెస్ట్ కానివి మీవి కావు, ఆ 60 వేలు లెక్కలోంచి తీసేయండి. కాగితం మీది డబ్బంతా చేతికి రాదు. 2009లో జేసన్ బ్రౌన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడికి రామ్స్ జట్టు ఐదేళ్లకు 3.75 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చి, 2012లో వదిలేసింది. చేతికొచ్చిన డబ్బూ నిలుస్తుందని లేదు. ఈ ఫుట్‌బాల్ ఆటగాళ్ల దివాలాలపై 2015లో వచ్చిన ఓ పరిశోధనలో, ఆట మానేసిన 12 ఏళ్లలోపు దాదాపు 16 శాతం మంది దివాలా తీసినట్టు తేలింది. ఎక్కువ సంపాదించినవాళ్లకూ పెద్దగా రక్షణ దొరకలేదు.

నా పాత పాట మళ్లీ పాడతాను: మీ అత్యవసర నిధి ఎక్కడ? ఆ 11 వేలు నెలన్నర ఖర్చు. రాజీనామా ఆలోచనకు ముందే ఆరు నెలల ఖర్చు, అంటే 45 వేలు, హై ఈల్డ్ సేవింగ్స్‌లో కూర్చోవాలి. ఫీజులకూ ప్రయాణాలకూ ముట్టుకోకూడదు. దాన్ని హెలాక్‌తో నింపుతానంటారేమో, అది నిధి కాదండీ, అప్పు. వడ్డీ మారుతూ ఉంటుంది, తాకట్టులో ఉన్నది పిల్లలు నిద్రపోయే ఇల్లు. మీ ఆదాయం పడిపోయిందని తెలిస్తే బ్యాంకు ఆ లిమిట్‌ను ఆపేయగలదు కూడా. సరిగ్గా మీకు అవసరమైన రోజునే!

401కే లోన్ ఇంకా ప్రమాదం. ఉద్యోగం మానేశాక, ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా 28 వేలు కట్టకపోతే దాన్ని విత్‌డ్రాయల్ కిందే లెక్కేస్తారు. ఇన్‌కమ్ టాక్స్ కాక 10 శాతం పెనాల్టీ, అదే 2,800. ముందు ఇది తీర్చండి.

డిజెబిలిటీ ఇన్సూరెన్స్ (జబ్బో దెబ్బో వల్ల పని చేయలేకపోతే ఆదాయమిచ్చే బీమా) జీతం ఉండగానే సొంతంగా తీసుకోండి. 2015లో ప్రాక్టీసులో తలకు దెబ్బ తగిలాక అర్షెల్‌కు కొన్నాళ్లు పెద్ద లెక్కలు సాగలేదు. మీ బతుకుతెరువూ తలకాయే కదా. పిల్లల చదువుకు దాచే 529 ఖాతా, రిటైర్మెంట్ డబ్బును రాత్ ఖాతాలోకి మార్చడం లాంటివి తర్వాత చూద్దాం.

ఈ నెల నుంచే 5,600తో ఇల్లు నడిపి చూడండి. మిగిలిన జీతమంతా ముందు లోన్‌కు, తర్వాత నిధికి పోవాలి. సాయంత్రాలు ఒక కోర్సు చేయండి. ఆరు నెలల తర్వాత లెక్కలు పంపండి, అప్పుడు రాజీనామా తేదీ మాట్లాడుకుందాం.