టెక్ సందేహాలు: మూడు మెషీన్లు, ఒకటే డస్ట్ హోస్

ప్రశ్న: నా చెక్కపని షెడ్డు చిన్నది. టేబుల్ సా, ప్లానర్, బ్యాండ్ సా మూడింటికీ చక్రాలు పెట్టించి, ఏది కావాలంటే దాన్ని మధ్యలోకి లాక్కుని వాడుతున్నాను. పొట్టూ పొడీ పీల్చే డస్ట్ కలెక్టర్ ఒక్కటే, దాని నోరు 4 అంగుళాలు. మెషీన్ మారినప్పుడల్లా క్లాంప్ విప్పి బిగించలేక విసుగొస్తోంది. వాక్యూమ్ క్లీనర్‌కి వచ్చే రెండున్నర అంగుళాల పొడవాటి హోస్ తేలిగ్గా ఉంటుంది కదా, అన్నిటికీ అదే లాగితే సరిపోదా?

జవాబు: సరిపోదు. వాక్యూమ్ క్లీనర్ కొద్దిపాటి గాలినే గట్టిగా పీలుస్తుంది, అందుకే దానికి సన్న గొట్టం చాలు. డస్ట్ కలెక్టర్ బలం గాలి పరిమాణంలో ఉంది, పీల్చే ఒత్తిడిలో కాదు. గొట్టం సన్నబడితే దాని పని అక్కడితో అయిపోతుంది. పొట్టు దారిలో పేరుకోకుండా కొట్టుకుపోవాలంటే గాలి నిమిషానికి సుమారు 4,000 అడుగుల వేగంతో వెళ్లాలని డక్ట్ లెక్కల్లో అనుకుంటారు. ఆ వేగంలో 4 అంగుళాల గొట్టంలోంచి నిమిషానికి దాదాపు 350 ఘనపుటడుగుల గాలి వెళ్తుంది. రెండున్నర అంగుళాల దాంట్లో అయితే 135 మాత్రమే. ప్లానర్ వదిలే పేళ్లు అంత తక్కువ గాలికి మూతి దగ్గరే ఇరుక్కుంటాయి.

మీ అసలు ఇబ్బంది క్లాంప్. అది విప్పడం బద్ధకమై "ఒక్క కోతే కదా" అని హోస్ లేకుండానే మెషీన్ ఆన్ చేసేవాళ్లు చాలామంది. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. చీపురుకు దొరికే పొట్టుతో అంత భయం లేదు, కంటికి కనబడకుండా గాలిలో తేలే సన్నపొడితోనే. కాబట్టి హోస్ తగిలించడం ఒంటిచేత్తో, క్షణాల్లో అయిపోవాలి. లేకపోతే ఎంత మంచి కలెక్టర్ కొన్నా దండగే.

మూడు మెషీన్లకీ ఒకే రకం మూతి పెట్టండి. పోర్ట్ (హోస్ తగిలే మూతి) చిన్నదిగా ఉన్న మెషీన్‌కి, రెండు సైజుల్ని కలిపే రెడ్యూసర్‌ని ఆ మెషీన్‌కే శాశ్వతంగా బిగించేయండి, హోస్ చివర మాత్రం ఎప్పుడూ 4 అంగుళాలే ఉండాలి. ఆ చివరకి కొంచెం ఏటవాలుగా ఉండి, నొక్కితే బిగుసుకునే స్లీవ్ గానీ, అయస్కాంతాల కప్లింగ్ గానీ వేసుకోండి. ఊడిపోతుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. ఇది పీల్చుకునే వైపు కాబట్టి కలెక్టర్ నడుస్తున్నంతసేపూ బయటి గాలే జాయింట్‌ని లోపలికి నొక్కిపెడుతుంది. దాన్ని ఊడదీసేది హోస్ సొంత బరువే. మెషీన్ పక్కన ఒక కొక్కెం పెట్టి ఆ బరువు దాని మీద వేయండి. నా ఓటు స్లీవ్‌కే. అయస్కాంతం ముచ్చటగా ఉంటుంది గానీ, బాగా అదిరే మెషీన్ మీద పక్కకి జరుగుతుంది.

ఇక పొడవు. మడతల హోస్ లోపల గాలికి ఎదురయ్యే రాపిడి నున్నటి పైపుకంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. కలెక్టర్ నుంచి షెడ్డు మధ్య దాకా గట్టి పైపు పైన కట్టి, అక్కడి నుంచి రెండు మీటర్ల హోస్ కిందికి వేలాడదీయండి. మలుపు తప్పకపోతే ఒక 90 డిగ్రీల ఎల్బోకి బదులు రెండు 45 డిగ్రీలవి వాడండి. మూడు మెషీన్లూ ఆ హోస్ అందే చోటే ఆగేలా నేల మీద గీతలు గీసుకోండి. చక్రాలున్నది మెషీన్లకి కదా, హోస్‌ని షెడ్డంతా ఈడ్చడం దేనికి?

పైప్ వైపు చివర క్లాంప్ మాత్రం ఉండాల్సిందే. మామూలు క్లాంప్ హోస్‌లోని స్ప్రింగ్ తీగ మీద ఎత్తుగా కూర్చుని సందు వదిలేస్తుంది. తీగని దాటేందుకు మధ్యలో వంపున్న బ్రిడ్జ్ క్లాంప్ అడగండి. తీగ కుడివైపు తిరుగుతోందో, ఎడమవైపు తిరుగుతోందో ముందే చూసుకోండి, క్లాంప్ కూడా దానికి తగ్గదే కావాలి.

ప్రశ్న: హోస్ అడాప్టర్‌ని నేనే గీసి త్రీడీ ప్రింటర్‌లో పెడితే 4 అంగుళాల రింగు పూస సైజులో కనబడుతోంది. ఫైల్ పాడైందా?

జవాబు: ఫైల్ బాగానే ఉంది. త్రీడీ బొమ్మని దాచే ఎస్‌టీఎల్ ఫైల్‌లో అంకెలే తప్ప కొలమానం ఉండదు. మీరు అంగుళాల్లో గీశారు, బొమ్మని ప్రింటర్‌కి తగ్గట్టు పొరలుగా కోసే స్లైసర్ సాఫ్ట్‌వేర్ దాన్ని మిల్లీమీటర్లనుకుంది. 2540 శాతానికి పెంచండి, లేదా మళ్లీ మిల్లీమీటర్లలో ఎక్స్‌పోర్ట్ చేయండి. ప్రింట్ ఇచ్చేముందు హోస్‌నీ పోర్ట్‌నీ వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. "4 అంగుళాలు" అని రాసినవాటిలో ఒకదానికది లోపలి కొలత, ఇంకొకదానికి బయటి కొలత. పెద్ద రింగు మొత్తం ప్రింట్ చేసే ముందు ఒక సెంటీమీటరు ఎత్తు ముక్క తీసి తొడిగి చూస్తే ప్లాస్టిక్ మిగులుతుంది.

ప్రశ్న: డస్ట్ కలెక్టర్‌ని స్మార్ట్ ప్లగ్‌తో ఫోన్ నుంచి ఆన్ చేయొచ్చా?

జవాబు: మామూలు స్మార్ట్ ప్లగ్‌తో వద్దు. ఇండక్షన్ మోటార్ స్టార్ట్ అయ్యే క్షణంలో, నడిచేటప్పటికంటే 5 నుంచి 7 రెట్లు కరెంట్ లాగుతుంది. చిన్న ప్లగ్ లోపలి స్విచ్ (రిలే) కాంటాక్టులు ఆ దెబ్బకి అతుక్కుపోవచ్చు, అప్పుడు యాప్‌లో ఆఫ్ అని చూపించినా మోటార్ తిరుగుతూనే ఉంటుంది. మోటార్ లోడ్‌కి రేటింగ్ ఉన్న కాంటాక్టర్ (పెద్ద కరెంట్‌ని తట్టుకునే స్విచ్), దానికి రిమోట్, ఇదీ పద్ధతి. కరెంట్ సెన్సర్ ఉన్న స్విచ్ అయితే టేబుల్ సా ఆన్ అవగానే కలెక్టర్‌ని అదే నడుపుతుంది. సా ఆగాక కొన్ని సెకన్లు అదనంగా నడిపి పైపులో మిగిలిన పొట్టుని కూడా లాగేసేది ఎంచుకోండి.