సొలిసిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు అడిగితే కంగారు పడకండి

ఇంటి పని పాడుచేసిన బిల్డర్ మీద ఇంగ్లండ్‌లో కేసు వేద్దామని వెళ్తే, సొలిసిటర్ (మన తరఫున కేసు చూసే లాయరు) ముందు మీ ఇన్సూరెన్స్ గురించి అడిగారని, ఇందులో కమీషన్ ఏమైనా ఉందేమోనని మీ అనుమానం.

మీ పాలసీలోనే కేసు ఖర్చులకు కవర్ ఉందేమో చూడటానికి అలా అడగడం ఆయన బాధ్యతండీ. 2001లో సర్వర్ వర్సెస్ ఆలం అనే రోడ్డు ప్రమాదం కేసులో, మొదటిసారి కలవడానికి వచ్చేటప్పుడే కారు, ఇంటి పాలసీలు తెమ్మని క్లయింట్‌కి చెప్పాలని అప్పీల్ కోర్టు అంది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆయనకు కమీషన్ వస్తే, మీరు ఒప్పుకుంటే తప్ప అది మీకే చెందాలి. నేరుగా అడిగేయండి, తప్పేం లేదు.

ఇక్కడ ఓడిపోతే అవతలివాళ్ల లాయరు ఖర్చులో కూడా చాలావరకు మన నెత్తినే పడుతుంది. మీ క్లెయిమ్ 10,000 పౌండ్ల లోపు అయితే మాత్రం అది మామూలుగా స్మాల్ క్లెయిమ్స్‌లోకి, అంటే చిన్న మొత్తాల కేసులు చూసే పద్ధతిలోకి వెళ్తుంది, అక్కడ ఆ భయం దాదాపు ఉండదు.

మాది కూడా వంటింటి ఎక్స్‌టెన్షన్ గొడవే. ఇంటి ఇన్సూరెన్స్‌లో లీగల్ కవర్ ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. మా సొలిసిటర్ నేరుగా మినహాయింపుల పేజీ తీసి, ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి చూపించారు. కాంట్రాక్ట్ గొడవలకు కవర్ ఉంది కానీ, ఒక మొత్తం దాటిన కట్టుబడి పనులకు లేదు. మీ పాలసీలో ముందు ఆ పేజీయే చూడండి. కవర్ ఉంటే వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లకు తెలియజేయండి. వాళ్లు ఒప్పుకోకముందు పెట్టిన ఖర్చు సాధారణంగా ఇవ్వరు.

అది కుదరక మేం 'ఆఫ్టర్ ది ఈవెంట్' పాలసీ తీసుకున్నాం, అంటే గొడవ మొదలయ్యాక కొనేది. ప్రీమియం గట్టిగానే ఉంటుంది. మా పాలసీలో మాత్రం గెలిస్తేనే, అదీ చివర్లో కట్టాలి. కాకపోతే 2013 ఏప్రిల్ తర్వాత తీసుకున్న ఇలాంటి పాలసీల ప్రీమియాన్ని ఓడినవాళ్ల దగ్గర వసూలు చేసే వీల్లేదు, మనకొచ్చిన డబ్బులోంచే పోతుంది. మా సొలిసిటర్ ఒక తెల్ల కాగితం మీద రాసి చూపించారు: గెలిస్తే వచ్చేది, అందులోంచి ప్రీమియం, ఆమె ఫీజులో అవతలివాళ్లు కట్టని భాగం, చివరికి మా చేతికి మిగిలేది. ఆ చివరి అంకె చూశాకే కేసు వేద్దామని నిర్ణయించుకున్నాం. మీరు కూడా అలాంటి లెక్క రాయించుకోండి, నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. మా పాలసీలో కేసు ముందుకు వెళ్లేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది; విచారణకు ముందే రాజీ కుదిరింది కాబట్టి మాకు తక్కువ స్టేజి ప్రీమియమే పడింది.

ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ఏదీ దాచకండి. బిల్డర్‌తో మీరు పెట్టుకున్న వాట్సాప్ మెసేజ్‌లు మీకు ఇబ్బందిగా ఉన్నా సరే, ఇచ్చేయండి. దాచారని తేలితే పాలసీ రద్దయ్యే ప్రమాదం ఉంది.

ఇంకో విషయం తప్పకుండా అడగండి. బిల్డర్ 'పార్ట్ 36' ఆఫర్ (కోర్టు నిబంధనల ప్రకారం ఇచ్చే రాజీ ఆఫర్) ఇచ్చి, మీరు కాదని, చివరికి కోర్టులో అంతకన్నా ఎక్కువ రాకపోతే, ఆ ఆఫర్ గడువు ముగిసిన నాటి నుంచి అతని ఖర్చు సాధారణంగా మీరే కట్టాలి. సొలిసిటర్ సలహా మీదే కాదన్నా పాలసీ ఆ ఖర్చు భరిస్తుందా అన్నది సంతకం పెట్టేముందు రాతపూర్వకంగా తీసుకోండి.