శాట్‌నావ్ ఎక్కడ బిగించాలి? తిరుపతి చెల్లెలికి చిత్తూరు అక్క జవాబు

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి. నర్సుని. వచ్చే నెల ఇంగ్లండు వెళ్తున్నా. రోగుల ఇళ్లకు కారులో తిరిగే పని. ఇక్కడ నాన్న కారు నేనే నడుపుతా, కొండకు కూడా తీసుకెళ్లా. అక్కడ దారి చూపించడానికి శాట్‌నావ్ కొనాలా, ఫోన్ చాలా? కారులో ఎక్కడ పెట్టుకుంటే మంచిది?

జవాబు: చెల్లెమ్మా, నీ ప్రశ్న చిత్తూరులో మా అమ్మ ఇంట్లో కూర్చుని చదివాను. ఇంగ్లండు నుంచి సెలవు మీద వచ్చి వారమైంది. ఆ రోజు రేణిగుంటలో దిగి టాక్సీలో ఇంటికి వస్తుంటే, డ్రైవరు అబ్బాయి ఫోన్‌ను ముందు అద్దానికి నడిమధ్యలో, సరిగ్గా తన కళ్లకు ఎదురుగా అంటించుకున్నాడు. పక్కన స్వామి బొమ్మ, పైన చిన్న అద్దానికి వేలాడే పూసల దండ. చంద్రగిరి దాకా ఓర్చుకున్నాను. ఆ తర్వాత బండి పక్కకు ఆపించి, ఫోన్ కిందికి జరిపించాను. పాపం, మర్యాదగానే జరిపాడు. పందొమ్మిదేళ్ల కిందట నేనూ అచ్చం అట్లాగే పెట్టుకున్నాను కాబట్టి చూస్తూ ఊరుకోలేకపోయాను.

కొండకు నడిపానన్నావు, సంతోషం. కానీ దాన్ని చూసుకుని ధైర్యపడకు. తిరుమలకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, ఎదురు బండి రాదు. దారి తప్పే పని కూడా లేదు. ఇంగ్లండులో స్టీరింగు మనలాగే కుడివైపు, నడిపేది మనలాగే ఎడమవైపు. అందుకే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించింది. తీరా రోడ్డెక్కితే ఊరంతా రౌండబౌట్లు, అంటే బండ్లు చుట్టి పోయే గుండ్రటి కూడళ్లు. ఏ సందులోకి తిరగాలో రెండు సెకన్లలో తేల్చుకోవాలి, వెనక బండ్లు ఆగి ఉంటాయి, అరిచి అడగడానికి పక్కన మనిషి ఉండడు.

నేను 2006లో వెళ్లాను. అప్పట్లో పౌండుకు 80 రూపాయల పైచిలుకు. ఏది కొన్నా 80తో హెచ్చవేసుకుని గుండె పట్టుకునేదాన్ని. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ, ప్రతి నెలా ఒకటో తేదీకి చిత్తూరుకు డబ్బు పంపాలి. అందుకే కొత్త శాట్‌నావ్ కొనకుండా ఒక సెకండ్ హ్యాండ్ ముక్క కొన్నాను. దాంతో వచ్చిన హోల్డరు రబ్బరు కప్పు గట్టిబడిపోయి ఉంది. దాన్ని తడి గుడ్డతో తుడిచి, ముందు అద్దానికి పైన, చిన్న అద్దం కిందనే అంటించాను. తల తిప్పకుండా కనిపిస్తోంది కదా, ఇదే మంచి చోటని సంబరపడ్డాను.

మూడో వారంలో ఒక సాయంత్రం ఇరుకు వీధిలో ఎడమవైపు తిరుగుతున్నాను. రోడ్డు ఖాళీగా ఉందనుకున్నాను. తిరిగేశాక తెలిసింది, ఒక ముసలాయన చేతిబండి తోసుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. ఆయన నడుస్తున్నంతసేపూ సరిగ్గా నా శాట్‌నావ్ వెనకాలే ఉన్నాడు. బ్రేకు మీద నిలబడ్డాను. ఆయన అడుగు దూరంలో బతికాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు మా ఆయన్ని ఖాళీ కార్ పార్కుకు తీసుకెళ్లి, నేను సీట్లో కూర్చుని, ఆయన్ని కారు ముందు అటూ ఇటూ నడవమన్నాను. కారుకు 20 మీటర్ల దూరంలో ఆయన నిలువెత్తు మనిషి ఆ అర జానెడు తెర వెనక మాయమైపోయాడు. కంటికి దగ్గరున్న చిన్న వస్తువు దూరంగా ఉన్న పెద్ద మనిషిని మింగేస్తుంది. కారు కొన్న రోజునే నువ్వు కూడా ఎవరినైనా తోడు తీసుకెళ్లి ఇట్లాగే చూసుకో. సీటును నీ ఎత్తుకు సర్దుకున్న తర్వాతే చూడాలి. ఎత్తు మారితే అడ్డొచ్చే చోటూ మారుతుంది.

ఇంతకీ ఎక్కడ పెట్టాలి? అక్కడ చాలామంది చెప్పేది, ముందు అద్దానికి కుడివైపు అడుగు మూల, అంటే డ్రైవరు తలుపు వైపు కింద. వైపర్లు తుడిచే మేరకు బయట, డ్యాష్‌బోర్డుకు ఆనుకుని ఉండాలి. చిన్న తెరకైతే మంచి చోటే. కానీ నా అనుభవం ఇంకో మాట చెబుతుంది. అక్కడ రౌండబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చే బండికి మనం దారి ఇవ్వాలి. ప్రతిసారీ మన చూపు పోయేది ఆ కుడి మూలకే. అద్దం పక్కనుండే స్తంభమే అక్కడ సగం అడ్డు. దాని పక్కన పెద్ద తెర కూడా పెడితే సైకిలు మనిషి కనబడడు. అందుకని తెర పెద్దదైతే నేను స్టీరింగుకు కొంచెం ఎడమగా, డ్యాష్‌బోర్డు నడుమ భాగంలో, తెర పై అంచు బానెట్ కనిపించే గీతకన్నా పైకి లేవకుండా పెడతాను. అట్లాగని మరీ కిందికి, గేరు దగ్గరికి దించకు. ప్రతిసారీ తల వంచి చూడాల్సి వస్తుంది, ఆ ఒక్క క్షణంలోనే ముందు బండి బ్రేకు వేస్తుంది.

డ్యాష్‌బోర్డులో గాలి వచ్చే రేకుల సందులకు తగిలించే క్లిప్పులు ఉంటాయి, చవక. నేనూ ఒక చలికాలమంతా వాడాను. వేడిగాలి నేరుగా కొట్టి ఫోన్ కాగిపోయేది, బరువుకు రేకు విరిగింది. కారు అమ్మేటప్పుడు ఆ విరిగిన రేకు చూపించి బేరగాడు ధర తగ్గించాడు.

ఎయిర్‌బ్యాగుల సంగతి మాత్రం శ్రద్ధగా విను, ఇక్కడ మనవాళ్లెవరూ పట్టించుకోరు. స్టీరింగు మీద, డ్యాష్‌బోర్డు ఎడమవైపు మూత మీద, చాలా కార్లలో తలుపు పక్క స్తంభం మీద కూడా ఎయిర్‌బ్యాగ్ అనో ఎస్ఆర్ఎస్ అనో అక్షరాలుంటాయి. ఆ చోట్ల ఏదీ అంటించకూడదు. గుద్దుకున్నప్పుడు ఆ సంచి కన్ను రెప్ప వేసేలోపు పేలి బయటికొస్తుంది. దాని మీద ఉన్నది తుపాకి గుండులా మొహానికి తగులుతుంది. నేను కొత్త కారుకు కాణిపాకంలో చేయించినట్టే పూజ చేయించాలని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి వినాయకుణ్ణి ఎడమవైపు డ్యాష్‌బోర్డు మీద జిగురుతో నిలబెట్టాను. సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ మూత మీద! నాతో పనిచేసే ఒక మలయాళీ నర్సు చూసి, ఆ సీట్లో మీ పాపను కూర్చోబెడతావా అని అడిగింది. ఆ సాయంత్రమే తీసేశాను. ఇప్పుడు ఆయన తాళంచెవుల గుత్తిలో చిన్న బిళ్లగా ఉన్నాడు. నువ్వూ స్వామి పటం అట్లాగే పెట్టుకో. చిన్న అద్దానికి దండలు వేలాడదీయకు, అదీ చూపుకు అడ్డమే.

ఇక డబ్బు సంగతి. చెల్లెమ్మా, అక్కడ ఏ పొరపాటైనా చివరికి డబ్బు దగ్గరికే వస్తుంది.

2008లో ఒక రాత్రి డ్యూటీ ముగించుకుని కిందికి వస్తే కారు పక్క అద్దం ముక్కలై సీట్ల నిండా ఉంది. నేను శాట్‌నావ్ తీసి గ్లవ్ బాక్సులో దాచాననే ధైర్యంతో ఉన్నాను. కానీ ముందు అద్దం మీద రబ్బరు కప్పు గుండ్రటి మచ్చ అట్లాగే ఉంది. దొంగకు ఆ మచ్చ చాలు, లోపల ఎక్కడో సరుకుందని తెలిసిపోతుంది. గ్లవ్ బాక్సు తెరిచి తీసుకుపోయాడు. చవకని నేను చేయించుకున్నది ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే వర్తించే ఇన్సూరెన్స్, నా అద్దానికి పైసా రాలేదు. అద్దానికి 140 పౌండ్లు, పోయిన శాట్‌నావ్, ఆ మర్నాడు పోయిన ఒక రోజు జీతం. ఆ నెల చిత్తూరుకు పంపే డబ్బు తగ్గింది. నాయన ఫోనులో ఏమీ అనలేదు. అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పటి నుంచి కారు దిగినప్పుడు శాట్‌నావ్, హోల్డరు, వైరు మూడూ సంచిలో వేసుకుని, అద్దం మీద మచ్చ తుడిచిన తర్వాతే తాళం వేస్తాను. పదహారేళ్లు దాటింది, మళ్లీ ఆ నష్టం రాలేదు.

ఫోన్ చాలా అని అడిగావు. చాలు, కానీ హోల్డరులో గట్టిగా నిలబడితేనే. చేతిలో పట్టుకున్నావంటే 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు. మన లెక్కలో 20 వేల రూపాయల పైమాటే. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా, ట్రాఫిక్‌లో నిలిచిపోయినా అదే లెక్క. 2022 మార్చి నుంచి ఇంకా గట్టిచేశారు, ఫోన్‌ను చేత్తో పట్టుకుని దాదాపు ఏం చేసినా తప్పే. జరిమానా ఒక ఎత్తు, పాయింట్లు ఒక ఎత్తు. అక్కడ టెస్టు పాసై మొదటి లైసెన్సు తీసుకున్న రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే ఆ లైసెన్సు రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచి రాయాలి. ఇళ్లకు తిరిగే ఉద్యోగంలో లైసెన్సు పోతే నీకు ఏ పని ఇస్తారు? జీతం ఆగితే ఇక్కడ వడ్డీ ఆగుతుందా? అందుకే చెబుతున్నా, హోల్డరు దగ్గర మాత్రం పొదుపు చేయకు. నేను 5 పౌండ్లకు కొన్నది మంచు పడిన ఒక ఉదయం చలికి పట్టు వదిలి నా కాళ్ల దగ్గర పడింది, బ్రేకు పెడలు కింద ఇరుక్కుంది. బండి నెమ్మదిగా ఉంది కాబట్టి సరిపోయింది. తర్వాత 25 పౌండ్లు పెట్టి కొన్నది తొమ్మిదేళ్లు పనిచేసింది. అంటించే ముందు అద్దం మీద జిడ్డు, చెమ్మ లేకుండా తుడవాలి. చార్జరు వైరు గేరు మీదుగానో స్టీరింగు కిందుగానో వేలాడకుండా డ్యాష్‌బోర్డు అంచు వెంబడి అతికించుకో.

ఎక్కడికి వెళ్లాలో బండి కదలకముందే నొక్కిపెట్టుకో, మాట వినబడేలా పెట్టి చెవితో నడుపు. పల్లెల్లో ఒకే పోస్ట్‌కోడ్‌కు చాలా ఇళ్లుంటాయి. ఇంటి పేరో నంబరో ముందే కాగితం మీద రాసుకో. దారి తప్పితే తప్పనీ, తర్వాతి రౌండబౌట్ దగ్గర వెనక్కి తిరగొచ్చు. కంగారుపడి తెర మీద వేలు పెట్టకు.

రోడ్డు రూల్సు అన్నీ హైవే కోడ్ అనే పుస్తకంలో ఉన్నాయి, విమానంలో చదువుకో. నీ ఇండియా లైసెన్సు అక్కడ 12 నెలలు నడుస్తుంది, ఆలోపు వాళ్ల టెస్టు పాసవ్వాలి. ఆ టెస్టులోనే కొంతసేపు సొంతంగా నడపమంటారు, 2017 డిసెంబరు నుంచి ఎక్కువమందికి శాట్‌నావ్ చెప్పిన దారిలో నడిపిస్తారు. ఆ యంత్రం పరీక్ష పెట్టే ఆయనే తెచ్చి పెడతాడు, దాని గురించి టెన్షన్ వద్దు. కారుకు ఏటా జరిగే ఎంఓటీ అనే భద్రతా తనిఖీలో స్టీరింగుకు ఎదురుగా 29 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలో, వైపర్లు తుడిచే మేర, 10 మిల్లీమీటర్లకు మించి అడ్డు ఉండకూడదు. ఇంకొకటి, రోగుల ఇళ్లకు తిరగడానికి మామూలు ఇన్సూరెన్స్ చాలదు, పని కోసం నడుపుతున్నానని చెప్పి బిజినెస్ వాడకం రాయించుకో. నాలుగు పౌండ్లు ఎక్కువైనా సరే.

ఫోన్ హోల్డరు మాత్రం అక్కడ దిగిన తర్వాత, కారు చూసుకున్న తర్వాత కొనుక్కో. ఇక్కడి నుంచి మోసుకెళ్లేది ఏమైనా ఉందంటే, మీ నాన్న పాత పంచెలో రెండు గుడ్డ ముక్కలు. ఒకటి కారు తలుపు జేబులో పెట్టుకో, ఆ గుండ్రటి మచ్చ తుడవడానికి. రెండోది ఉతికినప్పుడు మార్చుకోవడానికి. అక్కడ తుడిచే గుడ్డకూ డబ్బే.