లీక్ చేసినవాళ్లంతా దోషులేనా?

ప్రశ్న: ప్రభుత్వ రహస్యాలు ఆన్‌లైన్‌లో పెట్టడం కూడా వాక్ స్వాతంత్ర్యమేనా సార్?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అన్నిసార్లూ కాదమ్మా. కానీ 2010లో రహస్య పత్రాలు బయటపెట్టే వెబ్‌సైట్ వికీలీక్స్ పెట్టిన బాగ్దాద్ వీడియో చూశాక, లీక్ అనగానే నేరం అని నేను అనలేను. అది 2007 జులై నాటిది. అమెరికా హెలికాప్టర్ కాల్పుల్లో చనిపోయినవారిలో ఇద్దరు రాయిటర్స్ వార్తాసంస్థ ఉద్యోగులు. గాయపడ్డ మనిషిని ఎక్కించుకోబోయిన వ్యాన్‌నూ వదల్లేదు, అందులో ఇద్దరు చిన్నపిల్లలున్నారు! రాయిటర్స్ ఎంత అడిగినా అమెరికా సైన్యం ఆ వీడియో ఇవ్వలేదు. దాన్ని బయటపెట్టిన అమెరికా సైనికురాలు చెల్సియా మానింగ్‌కు మాత్రం 35 ఏళ్ల శిక్ష వేశారు. 2017లో అప్పటి అధ్యక్షుడు ఒబామా శిక్ష తగ్గించబట్టి బయటికొచ్చారు. అయితే 2011లో వికీలీక్స్ దౌత్య కేబుళ్లను, అంటే అమెరికా రాయబార కార్యాలయాల అంతర్గత సందేశాలను, సమాచారం చెప్పినవాళ్ల పేర్లు కొట్టేయకుండా మొత్తం పెట్టేసింది. దాన్ని మాత్రం నేను ఒప్పుకోను.