డ్యాష్‌బోర్డు చూసి ఏం తేల్చుకోవాలి?

ప్రశ్న: కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎక్సెల్ బాగా వచ్చు. పవర్ బీఐ నేర్చుకుని కొన్ని డ్యాష్‌బోర్డులు (అంకెలను చార్టులుగా ఒకేచోట చూపే తెరలు) తయారుచేశాను. ఇంటర్వ్యూలో వాటిని చూపిస్తే, ‘బాగున్నాయి, ఇప్పుడు కంపెనీ ఏం చేయాలి?’ అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. డేటా అనలిటిక్స్‌లో స్థిరపడాలంటే టాబ్లో, పైథాన్ కూడా నేర్చుకోవాలా?

జవాబు: ఇంకో టూల్ నేర్చుకున్నంత మాత్రాన ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. అదే డేటాతో టాబ్లోలో మళ్లీ డ్యాష్‌బోర్డులు చేసినా అక్కడే ఆగిపోతారు. కొత్త కోర్సు ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టండి.

అనలిస్టుకు పని పడేది ఎవరో ఒకరు ఏదో ఒకటి తేల్చుకోలేక ఆగినప్పుడు. ఈ ఉత్పత్తిని కొనసాగించాలా, ఆపేయాలా? ప్రకటనల ఖర్చు ఎక్కడ తగ్గించాలి? ఏ గోదాములో సరుకు ఎక్కువ ఉంచాలి? ఆ నిర్ణయం ఎవరిదో, ఎప్పటిలోగా తీసుకోవాలో, ఏ అంకె ఎంత దాటితే వారు మనసు మార్చుకుంటారో ముందే అడిగి రాసుకోవాలి. డేటా తెరవడం ఆ తర్వాతే. మీ డ్యాష్‌బోర్డుల్లో నెలవారీ అమ్మకాలు, ప్రాంతాలవారీ అమ్మకాలు ఉండే ఉంటాయి. వాటిని చూసి ఎవరూ తమ పని తీరు మార్చుకోరు. అదే, తగ్గింపు ధరకు తొలిసారి కొన్నవారిలో ఎంతమంది తర్వాత పూర్తి ధరకు కొన్నారో చూపే చార్టు ఒక్కటి ఉంటే, తగ్గింపు కొనసాగించాలో వద్దో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

చార్టులోకి రాని డేటా కూడా నిర్ణయాన్ని తారుమారు చేస్తుంది. వ్యాపారానికి సంబంధించినది కాకపోయినా, 1986 జనవరి నాటి అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రమాదాన్ని ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలని నా కోరిక. చలికి రాకెట్ అతుకుల్లోని రబ్బరు వలయాలు సరిగా పనిచేయకపోవచ్చని ప్రయోగానికి ముందు రాత్రి ఇంజినీర్లు హెచ్చరించారు. అయితే ఉష్ణోగ్రత ప్రభావాన్ని పరిశీలించినప్పుడు వలయాలు దెబ్బతిన్న ప్రయోగాలనే లెక్కలోకి తీసుకున్నారు. అలా చూస్తే చలికీ నష్టానికీ సంబంధం ఉన్నట్టు కనిపించలేదు. ఏ నష్టమూ జరగని ప్రయోగాలను కూడా దర్యాప్తు సంఘం కలిపి చూసింది. 66 డిగ్రీల ఫారన్‌హీట్, ఆపైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే సమస్య వచ్చింది. 63, అంతకన్నా తక్కువలో జరిగిన నాలుగింటిలోనూ వచ్చింది. ఏడుగురి ప్రాణాలు పోయాక ఆ పోలిక బయటపడింది. కంపెనీల్లోనూ వదిలి వెళ్లిన కస్టమర్ల ఫిర్యాదులు మాత్రమే చదివి కారణం తేల్చేస్తుంటారు. అవే ఫిర్యాదులు చేసి కూడా కొనసాగుతున్నవారు ఎందరో ఎవరూ లెక్కపెట్టరు. ఆ లెక్క అడగగలిగితే మీరు అనలిస్టు అయినట్టే.

సగటును కూడా ఒంటరిగా నమ్మకండి. గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో నాలుగు చిన్న డేటా సెట్లు ఇచ్చారు. ఒక్కోదానిలో 11 బిందువులు. సగటు, సహసంబంధం (రెండు అంకెలు ఎంత మేరకు కలిసి మారతాయో చెప్పే కొలత) నాలుగింటికీ దాదాపు ఒకటే, గీసి చూస్తే మాత్రం ఒకదానికొకటి పోలిక ఉండదు. ఎక్సెల్‌లో మీరే గీసి చూడండి.

చార్టుల అందం గురించి ఎక్కువ చెప్పను. బార్ చార్టు సున్నా నుంచి మొదలవ్వాలి. కోణాల కంటే పొడవులను కన్ను కచ్చితంగా పోల్చగలదు కాబట్టి వృత్తాన్ని ముక్కలుగా చూపే ‘పై’ (pie) చార్టులు తగ్గించండి. శీర్షికలో మీరు కనుక్కున్న విషయమే ఉండాలి.

టూల్స్ విషయానికొస్తే, ముందు డేటాబేసుల నుంచి డేటా తీసే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి. కంపెనీల డేటా ఎక్కువగా డేటాబేసుల్లోనే ఉంటుంది, దాన్ని మీరే తీసుకోగలగాలి. పైథాన్ తర్వాత చూసుకోవచ్చు. మీ కామర్స్ చదువును తక్కువగా చూడకండి. అమ్మకాలు పెరిగినా లాభం ఎందుకు తగ్గిందో, లాభం ఉన్నా చేతిలో నగదు ఎందుకు లేదో మీకు తెలుసు. టూల్స్ మాత్రమే నేర్చుకున్నవారు తడబడేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడున్న డ్యాష్‌బోర్డుల్లో ఒకటి తీసుకుని దానికి ఒక పేజీ నోట్ రాయండి. ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాలి, డేటా ఏం చెబుతోంది, మీ సిఫారసు ఏమిటి, ఏ సమాచారం దొరికితే ఆ సిఫారసు తప్పవుతుంది అన్నవి అందులో ఉండాలి. నోట్‌కు పనికిరాని చార్టులన్నీ తీసేయండి. రెండో మూడో మిగులుతాయి. తర్వాతి ఇంటర్వ్యూకు ఆ నోటూ, ఆ చార్టులూ తీసుకెళ్లండి.