ఫైలుకు ఒక బల్ల ఉండాలి

‘మాక్స్ వెబర్ చెప్పిన బ్యూరోక్రసీ సిద్ధాంతం మెక్‌డొనాల్డ్స్ వంటి బహుళజాతి సంస్థకు ఎంతవరకు వర్తిస్తుంది?’ అని అడిగారు. వెబర్ జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. పని మనిషి ఇష్టాన్ని బట్టి కాక రాసిపెట్టిన నిబంధనలు, హోదాలు, ఫైళ్లను బట్టి నడవడమే ఆయన చెప్పిన బ్యూరోక్రసీ. నూటికి నూరుపాళ్లూ వర్తిస్తుంది. నేను మేనేజ్‌మెంట్ చదవలేదు కానీ, పర్లాఖిమిడిలో పదకొండేళ్లు ఒక విదేశీ శీతల పానీయాల కంపెనీకి ఏజెన్సీ నడిపాను. పేరు చెప్పను. నా డిపాజిట్ ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

మాది ఒడిశా. ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. 1936 వరకు అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. ఆంధ్రలోని నౌపడా నుంచి మా ఊరికి 1900లో వేసిన రైలు మార్గం ఈ సరిహద్దు గీతను ఇప్పటికీ లెక్కచేయదు. కంపెనీ మాత్రం లెక్కచేస్తుంది.

ఒక మే నెల, పెళ్లిళ్ల రోజులు. బస్టాండు దగ్గర కొట్టు నడిపే పిన్నిగారి కూలర్ ఆగిపోయింది. అది కంపెనీ సొత్తు, సీలు వేసి ఉంటుంది. బయటి మెకానిక్ చేయి పెట్టకూడదు. ఫోను చేస్తే హిందీలో మాట్లాడి ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. (మా ఊరి పేరు అక్షరం అక్షరం చెప్పినా తప్పే రాసుకున్నారు, అది వేరే కథ.) కంపెనీ మెకానిక్ ఉన్నది పాతపట్నంలోనే. కానీ అతను ఆంధ్ర జాబితా, మేము ఒడిశా జాబితా. మా మనిషి బరంపురం నుంచి రావాలి.

మూడో రోజు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని సందేశం వచ్చింది. పిన్నిగారు సీసాలకు తడి గోనెపట్టాలు చుట్టి అమ్ముతున్నారు. ఐదో రోజు ఆ పాతపట్నం కుర్రాడే ఏదో పెళ్లికి మా ఊరు వచ్చాడు. చేయి పట్టుకుని కొట్టుకు తీసుకెళ్లాను. కూలర్‌కు చెవి ఆనించి విని, “రిలే పోయింది మావయ్యా, పది నిమిషాల పని” అన్నాడు. చేయమన్నాను. “మీ ఊరు నా ఫోనులో రాదు. సీలు విప్పితే నా ఉద్యోగం ఉండదు” అన్నాడు. వేడి సీసా ఒకటి తాగి, వద్దంటున్నా డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. తొమ్మిదో రోజు బరంపురం మనిషి వచ్చి పది నిమిషాల్లో రిలే మార్చాడు.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. నిబంధన మనిషి కంటే పెద్దదిగా ఉండాలన్నదే వెబర్ లెక్క. ఆయన 1920లో పోయాడు. రెండేళ్లకు వచ్చిన పుస్తకంలో, పెద్ద పెట్టుబడిదారీ సంస్థలే కట్టుదిట్టమైన బ్యూరోక్రసీకి సాటిలేని నమూనాలన్నాడు. ఆయన పేరు చెప్పి ప్రభుత్వ కార్యాలయాలను మాత్రమే తిట్టేవాళ్లు ఈ ముక్క ఎందుకో ఎత్తరు.

మెక్‌డొనాల్డ్స్‌నే చూడండి. దాన్ని పెద్ద సంస్థగా పెంచిన రే క్రాక్ 1955లో తన మొదటి దుకాణం తెరిచాడు. 1961కల్లా పనివాళ్లకు నేర్పే బడి పెట్టి దానికి హాంబర్గర్ యూనివర్సిటీ అని పేరు కూడా పెట్టారు. బంగాళాదుంప ముక్కలు ఎంతసేపు వేగాలో వేయించేవాడు నిర్ణయించడు, పుస్తకం నిర్ణయిస్తుంది. అదే సంస్థ 1996లో మన దేశానికి వచ్చినప్పుడు గోమాంసం, పందిమాంసం పక్కన పెట్టింది. అంటే నిబంధన మారుతుంది. పైవాడికి అవసరమైతే రాత్రికి రాత్రి మారుతుంది, కిందివాడు సీలు కూడా విప్పలేడు.

మంచి కూడా చెప్పాలి. ఏజెన్సీ ఇచ్చేటప్పుడు ఎవరూ సిఫారసు అడగలేదు, చేయి తడపమనలేదు. కులమేమిటని అడగలేదు. అదీ వెబర్ పుణ్యమే.

మా నాన్నగారు తహసీలు కార్యాలయంలో గుమాస్తా. అక్కడ ఫైలు ఆరు నెలలు కదలకపోయినా, ఏ బల్ల మీద కదలకుండా ఉందో తెలిసేది. వెళ్లి బల్ల ముందు నిలబడవచ్చు, బడబాబుతో, అంటే పెద్ద గుమాస్తాతో, గొడవ పడవచ్చు, ఆయనకే జాలి పుట్టవచ్చు. కంపెనీ ఫైలుకు బల్ల లేదు. ఎవరి ముందు నిలబడాలి?

ఏజెన్సీ వదిలేసి రెండేళ్లయింది. డిపాజిట్ గురించి మొన్న మళ్లీ ఫోను చేశాను. కొత్త నంబర్ ఇచ్చారు, పద్నాలుగు అంకెలు.